వచ్చేఏడు గారి విహారం

మోటార్ల వైండింగ్ షాపాయనకు తను చచ్చిపోయిన సంగతి సెలవు మొదటి రోజునే తెలిసింది. చెప్పింది ఎవరో కాదు, కట్టుకున్న పెళ్లామే. రిసార్ట్ గేటు దగ్గర అతని చేతికి అతిథుల తెల్ల పట్టీ చుడుతూ, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

“మా అమ్మకాల హాల్లో అందరికీ మా ఆయన పోయాడని చెప్పుకున్నాను. ఈ వారం నువ్వు మా అన్నయ్యవి. నోరు జారకు.”

పెళ్లయిన నాటి నుంచీ ‘మీరు’ తప్ప మరో మాట పలకని నోరది. ఇప్పుడు ‘నువ్వు’ అంటుంటే ఎక్కడా తడబడలేదు. అతను వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ రిసార్టులో ఆమె పని వారాలు అమ్మడం. ఒక్కసారి డబ్బు కట్టేస్తే ఏటా ఒక వారం, అదే విల్లా, బతికున్నంత కాలం మీదే అని చెప్పాలి. సరదాగా చూసిపోదామని వచ్చిన మొగుడూ పెళ్లాలను కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, లేచేలోపు సంతకం పెట్టించాలి. పెట్టించినప్పుడల్లా ఆమె ఖాతాలో పాయింట్లు పడతాయి. ఆ పాయింట్లు పోగేస్తేనే ఈ విల్లా వారం పాటు ఊరికే దొరికింది.

ఇక ఈయనగారికి అత్తవారింట్లో ‘వచ్చేఏడు గారు’ అని పేరు. ఎక్కడికైనా వెళ్దామంటే చాలు, కాలిపోయిన మోటార్ల గుట్ట చూపించి “వచ్చే ఏడు చూద్దాంలే” అనేవాడు. విని విని విసిగిపోయి ఆమె ఇక్కడ ఉద్యోగంలో చేరింది. మొదట్లో వారం వారం ఇంటికొచ్చేది, తర్వాత నెలకోసారి, ఈమధ్య ఉత్త ఫోనే. అప్పటికి గాని మహానుభావుడి గుండెల్లో రాయి పడలేదు. షాపుకు తాళం వేసి, తలకు రంగేసుకుని, ఎలాగైనా పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఇంటికి పోవాలని వచ్చాడు.

మర్నాడు పొద్దున కాఫీ కోసం హాల్లోకి వెళ్తే, ఆమె ఒక బ్యాంకాయన ముందూ ఆయన భార్య టీచరమ్మ ముందూ కూర్చుని ఉంది. బ్యాంకాయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

“ఆలోచించుకుని వచ్చే ఏడు కడతాంలెండి,” అంటున్నాడు.

“మా ఆయనా అదే మాట అనేవారు సార్,” అంది ఆమె. “ఆ వచ్చే ఏడు రాకుండానే పోయారు.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపని ఇతను ఎంత సర్దిచెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. కొంగు నలిపే తీరు, కిందపెదవి వణుకు, అన్నీ ఇంట్లో తను చూసీ చూడనట్టు వదిలేసినవే.

“అయ్యో, ఎలా పోయారమ్మా?” అంది టీచరమ్మ.

“నేను చెప్పలేనండీ. అన్నయ్యా, నువ్వే చెప్పు.”

అందరూ అతని వైపు తిరిగారు. అతను అందుకున్నాడు. “షాపులోనేనమ్మా. చేతిలో రాగితీగ ఉండగానే కూలబడ్డాడు. ఎవరికోసమో అర్జెంటు మోటారు. చెల్లెలి కోసం కొన్న సూట్‌కేసు అటక మీదే ఉంది. పైన కాగితం కూడా చింపలేదు.” సూట్‌కేసు మాట నిజం. అది చెబుతుంటే తన చావుకు తనకే ఏడుపొచ్చింది. టీచరమ్మ మొగుణ్ణి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సంతకం అయింది. అమ్మకం అయినప్పుడల్లా మోగించే గంట మోగింది, హాలంతా చప్పట్లు కొట్టింది. ఏం చెయ్యాలో తోచక అతనూ కొట్టాడు.

విల్లాలో ఆమె పక్క గదిలో పడుకునేది.

“తలుపులేసే ఉన్నాయిగా, ఇంకా ఈ నువ్వేంటి?” అన్నాడు ఓపిక నశించి.

“అలవాటైపోయింది అన్నయ్యా.”

“చాలు. వాళ్లకు నిజం చెప్పేస్తా.”

“చెప్పు. అయిదు రోజుల్లోపు వద్దంటే డబ్బు తిరిగిచ్చేయాలని రూలు. వాళ్లు అమ్మకం రద్దు చేసుకుంటారు, నన్ను ఇక్కణ్ణుంచి గెంటేస్తారు. అయినా నీ ఇంటికైతే రాను.”

అతను మెత్తబడ్డాడు. “అది కాదే, ఇంటికొచ్చెయ్. షాపు పని తగ్గించుకుంటా. నువ్వెక్కడికంటే అక్కడికి, వచ్చే ఏడు...” అని నాలుక్కరుచుకున్నాడు.

ఆమె పకపకా నవ్వింది. వచ్చినప్పటి నుంచీ ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకు అతని ప్రాణం చచ్చిపోయింది.

ఆ తర్వాత రోజూ ఆ దంపతులతోనే భోజనం. టీచరమ్మ ‘అన్నయ్యగారూ’ అని కొసరి కొసరి వడ్డించేది. నోరు విప్పితే ఉన్న కాస్త ఆశా పోతుంది, విప్పకపోతే తను మొగుడన్నమాటే ఆమె మరిచిపోయేట్టుంది. కుక్కినపేనులా తిని లేచేవాడు.

డబ్బు వెనక్కడిగే గడువుకు ఇంకొక్క రోజుందనగా, స్విమ్మింగ్ పూల్ పక్కన టీచరమ్మ అతని ఎదురుగా కుర్చీ లాక్కుంది. పక్కనే అతని పెళ్లాం కూడా ఉంది.

“అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మా మరదలు పోయి చాన్నాళ్లయింది. మా తమ్ముడు ఒంటరివాడు, నెమ్మదస్తుడు. మీ చెల్లెల్ని చూసినప్పటి నుంచీ నా మనసు అక్కడే తిరుగుతోంది. పెద్దవాళ్లు, మీరు సరేనంటే...”

అతను పెళ్లాం ముఖం కేసి చూశాడు. ఛీ అంటుందనీ, కనీసం నవ్వైనా నవ్వుతుందనీ చూశాడు. ఆమె తల వంచుకుని అంది.

“అన్నయ్య ఎలా అంటే అలా.”

ఒక్క మాట చాలు. నేను దీని మొగుణ్ణి అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాంతోపాటు గంట, చప్పట్లు, “నీ ఇంటికైతే రాను” అన్న గొంతూ వచ్చాయి. నోట్లోంచి మాత్రం ఇంకేదో ఊడిపడింది.

“అబ్బాయి ఏం చేస్తాడమ్మా?”

టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. “సొంత షాపండీ. పేరుకే షాపు, ఏటా రెండుసార్లు మూసేసి ఎక్కడికో అక్కడికి బయల్దేరాల్సిందే. తిరక్కపోతే వాడికి ముద్ద దిగదు.”

ఆమె మెల్లగా తలెత్తింది. అతణ్ణి దాటి టీచరమ్మ వైపు చూసింది.

“ఈ ఏడు ఎక్కడికెళ్తున్నారట?” అని అడిగింది.