హనుమేశ్ పట్టిన రెండు పక్కెలు

పొద్దున లేస్తూనే ఓబక్క కసువు ఊడ్చి, కల్లాపి చల్లి, గూట్లోని సీసాలకు పట్టిన దుమ్ము తుడుస్తుంది. నాగలమడిక హైస్కూలు పాత ల్యాబు ఖాళీ చేసినప్పుడు పారేయబోతుంటే తెచ్చుకున్న సీసాలవి. పినాకిని ఏరు పారిన ఏడాది బడిపిల్లలు పట్టిన చేపలు మందునీళ్లలో మునిగి ఉంటాయి. పట్టినవాళ్లు ఎక్కడుంటే ఆ దిక్కుకే మూతి పెట్టుకుంటాయి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరికీ వింత కాదు. ఆ పిల్లల్లో ఒకడైన గంగాధర ఇప్పుడు తిరుమణి సోలారు పార్కులో పలకలు కడుగుతాడు. సాయంత్రం వాడి పెండ్లాం వచ్చి తొంగిచూస్తుంది. చేప తిరుమణి దిక్కుంటే సరే. బ్రాందీషాపు దిక్కుంటే చీపురు తీసుకుని బయలుదేరుతుంది. చిన్నరంగప్ప లారీ కింద పడిన దినం మాత్రం వాడి చేప వెల్లకిలా తేలింది.

ఓబక్కకు ప్రాణమైనవి రెండు పక్కె చేపలు. రెండూ కొడుకు హనుమేశ్ పట్టినవే. తండ్రి కొల్లప్ప తనను ఒక మాటైనా అడక్కుండా చేను సోలారోళ్లకు గుత్తకిచ్చాడని, "గాజుపలకల కింద నాకేం పని?" అని ఇల్లు విడిచి పోయాడు వాడు. మళ్లీ ఫోను లేదు, కబురు లేదు. పక్కెలు మాత్రం వాయవ్యం దిక్కు చూస్తూ ఉన్నాయి. ఆ దిక్కున పోతే బొంబాయేనని బస్సు కండక్టరు చెప్పాడు. కొల్లప్ప బొంబాయి పోయి, కాళ్లరిగేలా తిరిగి, ఉత్త చేతులతో వచ్చాడు. అయినా చేపలు వెల్లకిలా పడలేదు కదా, కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడు. ఓబక్కకు అదే కొండంత ధైర్యం.

ఆ ధైర్యానికే ఇప్పుడు ఎసరొచ్చింది. మందునీళ్లు ఇగిరిపోయి పక్కెల పొలుసులు రాలుతున్నాయి.

అప్పుడొచ్చింది అర్పిత. పుట్టింది పావగడే, ఉద్యోగం మంగళూరు మ్యూజియంలో. చేపలను చెడకుండా దాచిపెట్టడమే ఆమె పని.

"ఈ రకం పక్కె ఇప్పుడు ఏట్లో యాడా లేదు పెద్దమ్మా. ఈడుంటే కుళ్లిపోతాయి. ఆడ పెడితే నూరేండ్లుంటాయి, చదువుకునేవాళ్లంతా చూస్తారు. రెండూ ఇయ్యి."

"భలే చెప్పినావు పాపా! నా కొడుకు జాడ నీ చేతికిచ్చి నేను గోడ చూస్తా కూసోవాల్నా?"

"ఏమ్మే," అన్నాడు కొల్లప్ప అరుగు మీద నుంచి, "రెండూ చూసేది ఒకే దిక్కు కదా. ఒకటి ఇచ్చెయ్. కుళ్లినాయంటే రెండూ పోతాయి."

ఆ పూట ఓబక్క అన్నం ముట్టలేదు. సాయంత్రం ఒక సీసాను పాతచీర గుడ్డలో చుట్టి, పసిబిడ్డను అందించినట్టు అందించి, ఏడ్చింది. అర్పిత రెండో సీసాలో కొత్తమందు పోసి, మూతకు మైనం పెట్టి వెళ్లింది.

వారం తిరక్కముందే ఫోను చేసింది.

"పెద్దమ్మా, మీవాడు బొంబాయిలో ఉండాడంటిరే! ఈడ్నుంచి బొంబాయంటే సముద్రం ఒడ్డునే పైకి పోవాల. మీ చేప సముద్రానికి వీపు పెట్టి ఈశాన్యం చూస్తాండాది."

ఓబక్క ఫోను చెవికి అదుముకుంది. "అంటే?"

"మీ ఊర్నుంచి వాయవ్యానికొక గీత, ఈడ్నుంచి ఈశాన్యానికొక గీత గీసినా. రెండూ హొసపేట డ్యాం కాడ కలిసినాయి."

"డ్యామా? నీళ్లుంటాయా ఆడ?"

"కంటికి ఆనినంత దూరం."

"అయితే వాడే, నీళ్లు విడిచి ఉండలేడు," అంది ఓబక్క.

మరుసటి దినమే మొగుడూపెండ్లాలు బస్సెక్కారు. సీసా ఓబక్క ఒళ్లో ఉంది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా చేప సర్దుకునేది. పక్కసీటాయన చూసి, "కొడుకా, మొగుడా?" అని అడిగాడు. "కొడుకు," అందామె. ఆయన తలూపి కండ్లు మూసుకున్నాడు.

డ్యాం ఒడ్డున పుట్టి పడవల నడుమ పోతుంటే చేప ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది. ఓబక్కా తిరిగింది. గడ్డం పెంచుకుని, భుజాన తడి వలతో నిలబడి ఉన్నాడు హనుమేశ్.

"నిన్ను అడక్కుండా చేను ఇచ్చింది నాదే తప్పురా," అన్నాడు కొల్లప్ప తల వంచుకుని.

హనుమేశ్ వల కింద పెట్టాడు. తల్లి చేతిలోని సీసా చూశాడు.

"రెండు ఉండాల కదమా. ఇంకోటి యాడ?"

"మంగళూరులో ఉండాది. ఆడ్నుంచి నిన్నే చూస్తాండాది," అని ఓబక్క వాడి చెంప మీద ఒకటి వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది.