రెండు చెవుల మీదా ఒకే దెబ్బ

లెస్కొవాత్స్ ఆసుపత్రిలో డాక్టర్ స్వెటోజార్ పరిశోధనంతా దొంగ చెవుడు మీదే. ఆ రోజు కోర్టువాళ్లు రాడిసావ్‌ను పంపారు. బావమరిది రెండరచేతులతో రెండు చెవులూ ఒకేసారి చరిచాడనీ, అప్పటినుంచి ఏమీ వినబడదనీ అతని కేసు.

డాక్టరు అతనికి హెడ్‌ఫోన్లు తగిలించి, పేపరు పైకి చదవమని సైగ చేశాడు. చదువుతుండగా వాటిలో హోరు పెంచాడు. చెవులు పనిచేసేవాడైతే హోరును మించి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. రాడిసావ్ అరుపులకు కిటికీ అద్దాలు అదిరాయి.

"సంతలో మిరపకాయలు అమ్ముతున్నావేంట్రా, దొంగ వెధవా! బావమరిదిని జైల్లో తోయిద్దామనా?" అంటూ డాక్టరు పగలబడి నవ్వాడు.

"చెవుడంటే ఏంటో చూస్తావా?" అని రాడిసావ్ లేచి, రెండరచేతులతో డాక్టరు చెవులు రెండూ ఫెడేల్మని ఒకేసారి చరిచాడు. డాక్టరు నేలకూలాడు. చెవుల్లోంచి రక్తం కారి కాలరు తడిసింది.

గాయాలు మానాక నర్సు దెసాంకా ఆయన్ని అదే కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి పేపరిచ్చింది. ఆయన మెత్తటి గొంతుతో చదువుతుంటే హోరు పెంచింది. ఏడుస్తూ మీట చివరిదాకా తిప్పేసింది.

డాక్టరు అదే మెత్తటి గొంతుతో విసుక్కున్నాడు.

"ఇంకా ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"