స్తూపం మీద జంగమ్మ

మిల్లు ఆవరణలో చెదిరిన వడ్లను చీపురుతో కుప్పకు నెడుతోంది జంగమ్మ. ఎనభై దాటి నడుం వంగిపోయిందే కానీ, చేతి చురుకు తగ్గలేదు. మిర్యాలగూడలో ఆమె ఏ ఊరి మనిషో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పుకోలేదు.

"మా ఊళ్ళె స్తూపానికి కొత్త రంగులేస్తున్రు, రేపు పెద్ద సభ" అన్నాడు వడ్లు తోలుకొచ్చిన కాటయ్య. గరిడేపల్లి అవతల ఉన్న ఆ ఊరు ఆమెది కూడా. జంగమ్మ చీపురు పడేసి షేర్ ఆటో ఎక్కింది.

ఆ స్తూపం మీద అమరుల పేర్లలో ఆమె పేరూ ఉంది. బతికుండగానే! ఏం చోద్యమో! పోరాటం రోజుల్లో రజాకార్లు దొర గడీలో క్యాంపు పెట్టి, ఆమెనూ అదే వాడకట్టులోని సారమ్మనూ ఎత్తుకుపోయి, నెలల తరబడి చెరబట్టారు. సారమ్మ అక్కడే, జంగమ్మ ఒళ్ళోనే ప్రాణం విడిచింది. ఈమె ఎలాగో బయటపడి ఇల్లు చేరితే, అన్న మట్టయ్య గడప తొక్కనివ్వలేదు. "కాల్పులల్ల సచ్చిపోయినవని అందరికి చెప్పిన. ఇగ రాకు" అన్నాడు. చచ్చిన చెల్లెలైతే ఇంటికి పేరు, బతికొస్తే తలవంపులు మరి! సారమ్మ పేరైతే ఎక్కడా లేదు.

స్తూపం దగ్గర మట్టయ్య కొడుకు నాగేందర్ పెయింటర్‌కు పని పురమాయిస్తున్నాడు. తండ్రి ఒకసారి మిర్యాలగూడలో దూరం నుంచి చూపించిన మేనత్తను ఆనవాలు పట్టగానే మొహం మాడ్చుకుని పక్కకు తీసుకుపోయాడు.

"గీడికెందుకొచ్చినవ్ అత్తా?"

"నా పేరు తీసెయ్ బిడ్డా. గా జాగల సారమ్మ పేరు రాయించు. సచ్చింది గామె, నేను గాదు."

"ఎట్ల సచ్చిందంటే ఏం జెప్పాలె? మా నాయిన అబద్ధమాడిండని ఊరంత అంటది. ఇజ్జత్ పోతది. జర పో అత్తా, నీ కాళ్ళు మొక్కుత."

ఇంతలో ఎవరో మైకు సరిచూస్తూ అరిచారు. "మన ఆడబిడ్డల మానం కాపాడిన వీరులకు జోహార్!"

జంగమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు కాపాడారు, ఎవరిని? గడీ గోడలవతల సారమ్మ అరుపులు విన్నవాడు ఒక్కడైనా తలుపు తట్టాడా?

మగవాళ్ళు అన్నానికి వెళ్ళాక కంకర రాయి ఒకటి ఏరుకుంది. చదువు రాకపోయినా తన పేరు ఎన్నో వరసలో ఉందో ఆమెకు తెలుసు; ఎప్పుడో ఒక బడిపిల్లాడి చేత చదివించుకుంది. గీకింది. రెండక్షరాలు రాలేసరికి ఆయాసం ముంచుకొచ్చి గద్దె మీద కూలబడింది. మళ్ళీ లేవలేదు.

జనం మూగారు. "అన్నా, గీమె ఎవరు?" అని అడిగాడు పెయింటర్.

"ఏమో, ఎవరో మతిలేని ముసల్ది" అన్నాడు నాగేందర్, చూపు తిప్పుకుని.

శవాన్ని పంచాయతీ ట్రాక్టరులో తీసుకుపోయారు. పొద్దుగూకకముందే పెయింటర్ జంగమ్మ పేరును మళ్ళీ నిండుగా దిద్దాడు. గద్దె మీద, అంచుకు ఎర్ర రంగు అంటిన కంకర రాయి ఉండిపోయింది.