చప్పుడు చేసే సింకు

పాత సింకు జాలీ చుట్టూ తుప్పు తినేసి, కింద అలమరాలోకి నీళ్ళు కారడం అమ్మ ఉన్నప్పుడే మొదలైంది. "మార్పించండి మహాప్రభో" అని ఆవిడ మొత్తుకునేది. "ఈ ఆదివారం" అనేవాడు నాన్న. అమ్మ పోయాక ఆదివారాలన్నీ ఖాళీయే గానీ, ఆ సింకు జోలికి వెళ్ళే ధైర్యం తండ్రికీ లేదు, కూతురికీ లేదు. చివరికి అలమరా తలుపు ఉబ్బిపోయి మూతపడనని మొండికేశాక, ఇద్దరూ షాపుకి బయల్దేరారు.

కూతురు సాఫ్ట్‌వేర్ మనిషి. పని ఇంట్లోంచే. ఏది కొనాలన్నా ముందు కంప్యూటర్లో ఓ పట్టిక వేసుకోందే ఆమెకు అన్నం సయించదు. స్టీలు, సెరామిక్, రాతిపొడి సింకు ఒక పక్క. మరక, గీత, వేడి, చప్పుడు ఇంకో పక్క. మిగతా గడులన్నీ మర్యాద కోసం నింపింది. ఆమెకు కావలసింది చివరి గడి ఒక్కటే.

అమ్మ గిన్నెలు కడిగితే వీధి చివరిదాకా వినపడేది. మామూలు రోజుల్లో చెంచాలు గలగల. నాన్న ఏదైనా మర్చిపోయిన రోజు మూకుడు సింకులో దభేల్. "ఉరుములు మొదలయ్యాయే" అని నాన్న కూతురికి సైగ చేసి పేపరు వెనక దాక్కునేవాడు. ఆవిడ నోరు తెరిచి తిట్టింది తక్కువ. తిట్లన్నీ గిన్నెలే తిట్టి పెట్టేవి.

ఇప్పుడు మీటింగులో ఉండగా వంటింట్లో గరిటె జారినా చాలు, కూతురి మెడ అటు తిరిగిపోతుంది. తిరిగాక గుర్తొస్తుంది. చప్పుడు చెయ్యని సింకు పెట్టిస్తే ఈ బాధ తప్పుతుందనుకుంది. నాన్నకి మాత్రం "ఆఫీసు కాల్స్‌కి డిస్టర్బెన్స్" అని చెప్పింది.

షాపాయన మాటకారి. రాతిపొడి సింకులో స్టీలు గ్లాసు ధైర్యంగా పడేశాడు. దిండు మీద పడ్డట్టు 'టప్' మంది.

"చూశారా? పక్కగదిలో చంటిపిల్లలు పడుకున్నా కదలరు."

"చంటిపిల్లలు లేరండీ. ఇదొక్కత్తే ఉంది. దీన్ని లేపాలంటే బాంబు కావాలి" అన్నాడు నాన్న.

కూతురి ముఖంలో గెలిచిన కళ. ఈలోగా నాన్న వరసలోకి నడిచి, ఒక్కో సింకునీ వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"పుచ్చకాయ కొంటున్నావా నాన్నా?"

ఆయన మూలనున్న ఓ పల్చటి స్టీలు సింకు దగ్గర ఆగి కొట్టాడు. ఠంగుమంది. మొహం విప్పారింది. "ఇది."

"అది రేకండీ బాబూ" అని షాపాయన పరిగెత్తుకొచ్చాడు. "అడుగున రబ్బరు కూడా ఉండదు. గిన్నె పెడితే కాలనీ అంతా వినపడుతుంది."

"వినపడాలనే."

కూతురు నాన్న చెయ్యి పట్టుకుని కుళాయిల వైపు లాక్కెళ్ళింది. "ఏంటి నాన్నా ఇది? సొట్టలు పడుతుంది."

"పడనీవే."

"నాకా చప్పుడు వద్దు నాన్నా. కాల్స్ కోసం కాదు. గిన్నె మోగిన ప్రతిసారీ అమ్మ ఉందనుకుంటున్నా."

నాన్న నీళ్ళు రాని ఓ కొత్త కుళాయిని విప్పాడు, కట్టాడు.

"నాకు మోగకపోతేనే భయంగా ఉందే పిడుగూ. నువ్వు తలుపేసుకుని మీటింగంటావు. నేను హాల్లో కూచుంటాను. ఇంట్లో మాట్లాడేది ఫ్రిజ్జు ఒక్కటే. అదీ మధ్యమధ్యలో అలుగుతుంది."

నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. ఇద్దరికీ పోయింది ఒక్క మనిషే. కావలసిన సింకులు మాత్రం రెండు. ఈ పేచీ తీర్చే గడి ఆమె పట్టికలో లేదు.

"ఆ రేకుదే ఇవ్వండి" అంది షాపాయనతో.

మర్నాడు పొద్దున్నే ప్లంబరు వచ్చి పాతదాన్ని ఊడదీశాడు. "బాగా మొత్తారండీ దీన్ని" అన్నాడు, అడుగున ఉన్న సొట్టలు తడుముతూ. "తీసుకుపొమ్మంటారా?" కిటికీలోంచి బయటికి చూస్తూనే నాన్న తలూపాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న చొక్కా చేతులు మడిచి సింకు దగ్గరికి వెళ్ళాడు. కూతురు గదిలో మీటింగు పెట్టుకుని, మైకు ఆపేసి, భుజాలు బిగబట్టి కూర్చుంది.

ఠంగ్.

మెడ తిరగలేదు.

మళ్ళీ ఠంగ్. సింకులో గిన్నె పడింది, అంతే. ఇన్నాళ్ళూ భయపడ్డ బాధ రాకపోతే హాయిగా ఉండాలి. హాయిగా లేదు. అమ్మ అక్కడ లేదని మెడకి కూడా తెలిసిపోయింది.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాన్న ఎప్పుడో కడిగేసిన మూకుణ్ణి మళ్ళీ మళ్ళీ సింకులో వేస్తున్నాడు. కాస్త కిందనుంచి ఒకసారి, కాస్త పైనుంచి ఇంకోసారి.

"రావట్లేదే."

"ఏది?"

"మీ అమ్మది. ఇలా పక్కకి వాల్చేదా? అంచు మీద వేసేదా?"

కూతురు మూకుడు అందుకుని తనూ వేసి చూసింది. చెవులు గింగురుమన్నాయి. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"అమ్మ విసిరేది నాన్నా. నువ్వు పెడుతున్నావు."

"విసరాలంటే కోపం రావాలిగా. ఆవిడకి నేనుండేవాణ్ణి." మూకుడి వంక చూశాడు. "నేనెవరి మీద విసరనూ?"

"నా మీద. మెషిన్లో బట్టలు నిన్నట్నుంచి అలాగే ఉన్నాయి, ఆరెయ్యలేదు. నీ చార్జరు కూడా నేనే పట్టుకుపోయా. ఊఁ, కానీ."

నాన్న మూకుణ్ణి భుజం దాకా ఎత్తాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎంతకీ మోగలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన దాన్ని రెండు చేతులతో సింకు అడుగున ఆనిస్తున్నాడు.

"నా వల్ల కాదే" అన్నాడు.

గదిలో లాప్‌టాప్‌లోంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమె వెళ్ళలేదు. పొడిగుడ్డ తీసుకుని పక్కన నిలబడింది. ఆయన కుళాయి విప్పి ఒక్కో గిన్నెనీ మళ్ళీ తొలిచి ఇస్తుంటే, ఆమె తుడిచి గట్టు మీద పెడుతోంది. ఏ గిన్నె ఇంకో గిన్నెకి తగలకుండా.