బేగిమాయ్ రాసిన కాగితం

బేగిమాయ్ ప్రసవించిన మర్నాడు ఉదయం, మా పెద్ద డాక్టరు జూరాకాన్ ఆమె తండ్రికి ఫోన్ చేయబోయింది. నేను ఫోన్ లాక్కున్నాను. నరీన్ కొండల్లోని ఈ ప్రసూతి వార్డులో ఇరవై ఆరేళ్లుగా మంత్రసానిని. పై అధికారికి ఎదురు తిరగడం అదే మొదలు.

"సైరాకాన్, మతి పోయిందా నీకు? ఇటివ్వు."

"ఇవ్వను. ఆ పిల్లకి పందొమ్మిదేళ్లు. వాళ్ల నాన్నకి చెప్పమని మిమ్మల్ని అడిగిందా?"

"బిడ్డని వదిలేసి పోతానంటోంది. ఇంట్లో వాళ్లకి తెలియొద్దూ? సిగ్గుండాలి."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. పోయిన ఫిబ్రవరిలో నూర్జాత్ అనే అమ్మాయి నెలలు నిండిన కడుపుతో వచ్చి, కని ఇక్కడే వదిలి వెళ్లొచ్చా అని అడిగింది. జూరాకాన్ ఆమెను పదిమందిలో నిలబెట్టి దులిపేసి, "మీ అమ్మని తీసుకురా, అప్పుడు మాట్లాడదాం" అని పంపేసింది. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. నాలుగు రోజులకు గొర్రెల దొడ్డి వెనక మంచులో, కండువాలో చుట్టిన పసికందు శవం దొరికింది. నూర్జాత్ జైలుకు పోయింది. ఊరంతా ఆమెనే తిట్టింది.

"నూర్జాత్ బిడ్డని మంచు తవ్వి తీసినప్పుడు ఎక్కడికి పోయిందక్కా మీ సిగ్గు?" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "దానికీ నాకూ ఏంటి సంబంధం?"

"గుమ్మంలోంచి తరిమింది మీరు. చూస్తూ ఊరుకుంది నేను. ఈసారి ఊరుకోను."

బీరువా తెరిచి ఫారం తీశాను. బిడ్డను పెంచలేనని ఇక్కడ రాసిచ్చి తల్లి వెళ్లిపోవచ్చు. అది నేరం కాదు. చట్టమే ఒప్పుకున్న దానికి ఈవిడ అడ్డమేమిటి?

బేగిమాయ్ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చాయ్ చల్లారిపోయింది.

"పెద్దమ్మా, పోలీసులొస్తారా?"

"రారు."

"నాన్నకి తెలుస్తుందా?"

"మా నోటి నుంచి తెలీదు."

"రేపు నా మనసు మారితే?"

"వాణ్ని ఎవరైనా దత్తత తీసుకునేలోపు వచ్చి అడుగు. మొహమాటపడకు."

ఆమె నెమ్మదిగా, బడిలో చూచిరాత రాసినట్టు గుండ్రంగా రాసింది. సంతకం దగ్గర ఆగి, "ఒకసారి ఎత్తుకోవచ్చా?" అంది. తెచ్చి ఇచ్చాను. చాలాసేపు ఎత్తుకుంది. తర్వాత సంతకం పెట్టి, మధ్యాహ్నం వ్యానెక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రెండో నెలలో తలాస్ నుంచి తేనెటీగలు పెంచే దంపతులు వచ్చి పిల్లవాణ్ని తీసుకెళ్లారు.

జూరాకాన్ నా మీద ఫిర్యాదు చేసింది. పైవాళ్లు సంజాయిషీ అడిగితే, ఫిబ్రవరి సంగతి తేదీతో సహా రాసిచ్చాను. నాకు హెచ్చరిక వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు. ఆ రాత్రంతా పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత, తల్లికి ఉన్న హక్కేమిటో పెద్ద అక్షరాలతో రాసి వార్డు గోడకు అంటించాను. ఆమె చింపేసింది. మళ్లీ అంటించాను. మూడోసారి చింపాక, ఆసుపత్రి గేటుకే అంటించాను.

మొన్న ముప్పై దాటిన ఒకామె ఆ గేటు దగ్గర చాలాసేపు నిలబడి, లోపలికొచ్చింది.

"ఆ రాసింది నిజమేనా?" అంది.

"నిజమే. కూర్చో," అన్నాను.

జూరాకాన్ ఏదో అనబోయి, నా ముఖం చూసి తన గదిలోకి వెళ్లిపోయింది.