కొరకని గింజ

ఆదివారం ఆరాధనకు వచ్చే ముందే సీమోను రెండుసార్లు తన షెడ్డుకు వెళ్లొచ్చాడు. పత్తి కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. వెచ్చగా తగిలింది. రేకుల షెడ్డు కదా, ఎండ వేడేమో అని సర్దిచెప్పుకున్నాడు. అప్పటికింకా ఎండే రాలేదు.

ఆదోని మార్కెట్లో సీమోను పిడికిలికి పేరుంది. గుప్పెడు పత్తి పిసికి తేమ చెప్పేస్తాడు. కూలి చేసిన రోజుల్లో మాత్రం గింజ కొరికి చూసేవాడు. ఎండిన గింజ పంటి కింద టక్కుమంటుంది, తడిది చప్పుడు లేకుండా నలుగుతుంది. వ్యాపారి అయ్యాక ఆ పని మానేశాడు. నలుగురిలో గింజలు ఉమ్ముతూ నిలబడితే ఎవరు ఖాతరు చేస్తారని.

శుక్రవారం ఎమ్మిగనూరు నుంచి ఎల్లప్ప తెచ్చిన పత్తినీ అట్లే పిసికి, "ఎండిండాది, దించండి" అన్నాడు. పత్తి ఏరే ముత్తమ్మ ఒక గింజ కొరికి ముఖం చిట్లించింది.

"అన్నా, పచ్చిగుండాది. దోవలో వాన తగిలినట్లుండాది. కుప్పలో ఏస్తే కాగుతాది."

"నీ పండ్లు ఊగుతాండాయేమో సూసుకో పో."

రైతులు నవ్వారు. ముత్తమ్మ ఎల్లప్ప పత్తిని పన్నెండు మంది రైతులు నమ్మి ఉంచిన పత్తిలోకే మోసింది.

ఇప్పుడు చర్చిలో సీమోను సంఘ పెద్దగా ముందు కుర్చీలో ఉన్నాడు. ముత్తమ్మ వెనక చాప మీద ఉంది. పిలవకముందే విందులో పైచోటు ఎక్కినవాణ్ణి ఇంటాయన లేపి కిందికి పంపితే వాడి ముఖం ఎట్లుంటుందో పాస్టరు చెబుతున్నాడు. సీమోను చొక్కా చేతిని మెల్లగా వాసన చూసుకున్నాడు. పులిసిన వాసన. ఇంకో పూట ఆగితే పత్తి రంగు పోతుంది. ఇంకా ఆగితే లోపల్నించి నిప్పే పుట్టొచ్చు. తడి పత్తి కుప్పలో ఏ మూల పడిందో ముత్తమ్మకే తెలుసు.

ఒక పక్క తన పేరు, ఇంకో పక్క పన్నెండిళ్ల పంట. మనసులో తూచుకున్నాడు. ఇంత తేలిక బేరానికి రెండు రోజులు నాన్చినందుకు సిగ్గేసింది.

లేచాడు. పాస్టరు మాట ఆపేశాడు. సీమోను వెనక దాకా నడిచి చాప మీద గొంతుక్కూర్చున్నాడు.

"ముత్తమ్మా, కుప్ప కాగుతాండాది. ఆ పత్తి యాడ ఏసినావో సూపించల్ల."

"నా పండ్లు ఊగుతాండాయి గదన్నా," అంది ఆమె, తల తిప్పకుండానే.

"ఊగల్యా. నేనే తప్పు సెప్పినా." అతను గొంతు తగ్గించలేదు. చుట్టూ అందరూ విన్నారు.

షెడ్డులో ముత్తమ్మ నేరుగా ఉత్తరం మూలకు పోయింది. పై పత్తి లాగేసరికి ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల్నించి ఒక గింజ ఒలిచి అతని చేతిలో పెట్టింది.

"కొరుకు."

కొరికాడు. చప్పుడు రాలేదు.

"గంప ఎత్తుకో. బయట పల్సగా పరుచు. మందంగా ఏస్తే మల్లా కాగుతాది."

సీమోను గంప నెత్తికెత్తుకున్నాడు. లోపల ఎంత లోతు చెడిందో ఇంకా తెలియదు. హొళగుంద దిక్కున మబ్బు కడుతోంది.

"బిర్న నడువన్నా," అంది ముత్తమ్మ. అతను నడక పెంచాడు.