ఇలారియో చొక్కా మెత్తబడేదాకా

మా కొంట్లా ఊళ్ళో ఆడా మగా అందరం మగ్గాల మధ్యే పెరిగాం. మేం నేసేది హెర్గా, ముతక చారల గుడ్డ. బాగా వచ్చినదాంతో తలకు టోపీ, ముందు పెద్ద జేబు ఉండే చొక్కాలు కుడతాం. తప్పు పడినదాంతో నేల తుడుస్తాం. రభస అంతా అందుకే వచ్చింది.

నా తమ్ముడు ఇలారియో ఈ ఏడు వేసవిలో పోయాడు. వాడికి ఉన్నది ఒకటే చొక్కా, నీలం చారలది. మోచేతులు చిరిగి, అంచులు పోగులు లేచి, పిల్లికూనలా మెత్తగా ఉండేది. "కొత్తది తొడుక్కోరా, నలుగురూ నవ్వుతున్నారు," అంటే, "అక్కా, పలకలెక్కి సముద్రపు అలల మీద ఆడుకునే దొరపిల్లలే ఇలాంటిదాన్ని చిరిగేదాకా వదలరు, నేను వదులుతానా?" అనేవాడు. అసలు సంగతి, కొత్త హెర్గా వాడి ఒంటికి గుచ్చుకునేది. పెళ్ళయిన కొత్తలో మా మరదలు ఒతీలియా దాన్ని చలికాలమంతా తాను తొడిగి, మెత్తబడ్డాకే వాడికిచ్చింది.

నవంబరు మొదట్లో మా పోయినవాళ్ళు ఇళ్ళకొస్తారు. వాడికిదే మొదటి రాక. వాడి కోసం పెట్టే పీఠం పక్కన కుర్చీ మీద ఆ చొక్కా ఉంచాలని, ఆత్రం కొద్దీ నెల ముందే ఉతికి ఆరేసింది ఒతీలియా. ఆమె కొత్తకోడలు యారెలి ఇల్లు కడుగుతూ, పాత గుడ్డేలే అనుకుని దాన్ని ముక్కలుగా కత్తిరించి నేల తుడిచేసింది.

ఒతీలియా అరవలేదు. ఆ తడి ముక్కలు పిండి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి కోడలితో మాటల్లేవు.

"ఆయన వస్తే ఏం తొడుక్కుంటాడు వదినా? చలికి వణుకుతూ గుమ్మంలోంచే వెళ్ళిపోతాడు," అంది నాతో.

నాకు ఒళ్ళు మండింది. "తుడుపుగుడ్డకి టోపీ ఉంటుందటే? కళ్ళు నెత్తికెక్కాయా?" అని యారెలిని కడిగేశాను.

"మా ఇంట్లో పాత చొక్కాలన్నీ చివరికి నేలకే పోతాయి. తెలీలేదు. నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను," అని ఆ పిల్ల ఏడ్చింది.

నిజమే, మా ఇంట్లోనూ అంతే. వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాను. అవే నీలం చారలు నేశాను, యారెలి కుట్టింది. ఒతీలియా చొక్కాను తడిమి చూసి పక్కన పెట్టేసింది.

"గుచ్చుతోంది వదినా. తొడుక్కోడు," అంది.

ఆ రోజు నుంచి యారెలి దాన్ని ఒంటి మీంచి తీస్తే ఒట్టు. అందులోనే రొట్టెలు కాల్చింది, అందులోనే పడుకుంది. మెడంతా దద్దుర్లు లేచినా గోక్కుంటూ తిరిగింది.

"పొయ్యి దగ్గర కూడానా, తల్లీ?" అన్నాను.

"అత్తయ్య తొడుక్కోలేదా ఏంటి?" అంది.

తిట్టినందుకు నాకే మనసు చివుక్కుమంది.

పోయినవాళ్ళ పండగనాడు, వాడికి దారి తెలిసేలా వీధిలోంచి పీఠం దాకా బంతిరేకులు చల్లాం. మోలే కూర, పుల్కే కల్లు పెట్టాం. మధ్యాహ్నం చర్చి గంట కొట్టగానే వస్తారు. ఇంకాస్త సమయం ఉండగా యారెలి చొక్కా విప్పి కుర్చీ మీద పెట్టబోయింది.

"ఇలా తే," అంది ఒతీలియా. ఇన్నాళ్ళకి కోడలితో అదే మొదటి మాట. చొక్కాను చెంపకు ఆనించుకుంది. "చేతులు బాగానే మెత్తబడ్డాయి. టోపీ దగ్గరే ఇంకా గుచ్చుతోంది."

తల మీంచి తొడుక్కుని, టోపీ పైకి లాక్కుని, పీఠం ముందు కూర్చుని తలను అటూ ఇటూ రుద్దసాగింది. యారెలి భయంభయంగా పక్కన చేరింది. ఒతీలియా ఆ దద్దుర్ల మెడ వైపు చూసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన ముందు జేబులో పెట్టుకుంది.

గంట మోగింది. ఒతీలియా గబగబా చొక్కా విప్పి కుర్చీకి తొడిగింది.

"వేగిరం రావయ్యా," అంది గుమ్మం వైపు చూస్తూ. "వేడి చల్లారకముందే తొడుక్కో."